పరిమళమే వల: పండు ఈగ నివారణలో ఇంటి పాత్ర, వీధి పాత్ర

(మిద్దె తోటలు, పెరటి చెట్లు పెంచుకునే తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మే నెల వచ్చిందంటే ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు ఇళ్లకు స్వగ్రామాల నుండి మామిడిపండ్ల బుట్టలు చేరుతుంటాయి. అడుగున వరిగడ్డి, పైన గోనెపట్టా కుట్టు, ఆ పైన సిరాతో రాసిన చిరునామా. బుట్ట విప్పిన పూట ఇల్లంతా ఊరి వాసన. మరునాడు ఇంటి పెద్దావిడ ఒక పండు ఏరి కోస్తుంది. పైన చెప్పుకోదగిన మచ్చ ఏదీ లేదు. లోపల మాత్రం గుజ్జు నీరుగారి, తెల్లని పురుగులు మెదులుతుంటాయి. పక్కనున్న మనవడు అడుగుతాడు: ఇంత చక్కని పండులోకి పురుగు ఏ దారిన వెళ్లింది?

ఆ ప్రశ్నకు జవాబు చిన్నది. పురుగు బయటి నుండి లోపలికి వెళ్లలేదు. అది లోపలే పుట్టింది. పండు ఇంకా చెట్టు మీద కాయగా ఉన్నప్పుడే ఒక ఈగ దాని తొక్కకు గుచ్చి, గుడ్లు పెట్టి వెళ్లిపోయింది. ఆ ఈగను గురించి, దానిని పట్టడానికి ఒక మొక్కల పరిమళం ఉపయోగపడుతున్న తీరును గురించి, ఆ పనిలో ఒక్కొక్క ఇంటికీ, వీధికీ ఉన్న బాధ్యతను గురించి వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా కొన్ని భ్రమలు తొలగాలి. పురుగున్న పండు అనగానే తెలుగువారికి వేమన చెప్పిన మేడిపండు గుర్తుకు వస్తుంది. మేడిపండులోని పురుగు వేరు. అది ఎక్కువగా మేడిపూలకు పుప్పొడి చేర్చే చిన్న కందిరీగ జాతికి చెందినది. అది లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదు. మామిడిలోని పురుగు వల్ల చెట్టుకు అటువంటి మేలేమీ లేదు. అదే విధంగా, వంటింట్లో ముగ్గిన అరటిపండ్ల మీద ముసిరే నలుసుల వంటి ఈగలు కూడా ఇవి కావు. అవి ఇప్పటికే పులిసిన పండును వెదుక్కుంటూ వస్తాయి. అసలు పండు ఈగ ఇంటి ఈగంత ఉంటుంది. సన్నని నడుముతో, పసుపు చారలతో, చూడగానే చిన్న కందిరీగ అనిపిస్తుంది. అది వెదికేది చెట్టు మీది మంచి కాయను. ఇక మామిడి టెంకలో కనిపించే నల్లని ముక్కుపురుగు మూడవది. దానికి ఈ ఎరతో సంబంధం లేదు.

పండు ఈగ జీవితాన్ని తెలుసుకుంటే దానితో పోరు ఎందుకు కష్టమో అర్థమవుతుంది. ఆడ ఈగ పొట్ట చివర సూదివంటి అవయవం ఉంటుంది. పక్వానికి వస్తున్న కాయ తొక్కకు దానిని గుచ్చి గుడ్లు పెడుతుంది. ఆ గాటు దగ్గర చిన్న చుక్క, కొన్నిసార్లు ఒక జిగురు బొట్టు, తరువాత మెత్తబడిన మచ్చ కనిపిస్తాయి. ఒకటి రెండు రోజులలోనే గుడ్లు పగిలి పురుగులు బయటపడతాయి. వారం, పది రోజులు గుజ్జు తిని ఎదుగుతాయి. కాయ రాలుతుంది. పురుగు కాయను వదలి, నేలలోకి కొద్ది అంగుళాల లోతుకు చేరి, గింజవంటి గూడులో నిద్రావస్థలో ఉంటుంది. మరి కొద్ది రోజులకు ఈగగా పైకి వస్తుంది. వెచ్చని వాతావరణంలో ఒక తరం పూర్తి కావడానికి నెల చాలు. ఒక్క ఆడ ఈగ తన జీవితంలో వందల గుడ్లు పెట్టగలదు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. గుడ్డు పండులో ఉంటుంది. పురుగు పండులో ఉంటుంది. గూడు మట్టిలో ఉంటుంది. గాలిలో తిరిగేది ఈగ ఒక్కటే. కాయ మీద మందు చల్లితే ఆ మందు లోపలి పురుగును సరిగా చేరదు, తినేవారి నోటిని మాత్రం చేరుతుంది. అందువల్ల ఈగను దాని రెక్కల దశలోనే పట్టుకోవలసి ఉంటుంది. వేలాది ఆకుల మధ్య ఎగిరే ఈగను వెదికి పట్టడం ఎవరివల్లా కాదు. ఈగయే వచ్చి పడేటట్టు చేయాలి. దానికి దారి చూపింది ఒక పరిమళం.

ఆ పరిమళం కథ భారతదేశంలోనే మొదలైంది. బీహారులోని పూసాలో ఆనాడు వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ ఫ్రాంక్ మిల్‌బర్న్ హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త పనిచేసేవాడు. దోమలు దరిచేరకుండా సిట్రోనెల్లా నూనె వాడితే దాని చుట్టూ ఏవో ఈగలు ముసురుతున్నాయన్న సంగతి అతని దృష్టికి వచ్చింది. సిట్రోనెల్లా నిమ్మగడ్డికి దగ్గరి జాతి గడ్డి. హౌలెట్ ఆ ఈగలను పట్టి చూశాడు. అవి పండు ఈగలు, అన్నీ మగవి. 1912లో ఆ విషయాన్ని ప్రకటించాడు. ఆ నూనెలో ఈగలను పిలుస్తున్న పదార్థం ఏదో వేరుచేసి వెదికి, 1915 నాటికి మిథైల్ యూజినాల్ దగ్గరకు చేరాడు. దోమను తరిమే నూనెయే పండు ఈగను పిలిచింది. ఆ చిన్న వైరుధ్యాన్ని కొట్టిపారేయకుండా ఒకరు ఆగి పరిశీలించినందువల్లనే ఈనాడు ప్రపంచంలోని పండ్లతోటలకు ఒక ఆయుధం దక్కింది.

మిథైల్ యూజినాల్ పరాయి పదార్థం కాదు. వందలాది మొక్కలలో అది సహజంగా ఉంటుంది. తులసిలోని కొన్ని రకాల తైలంలో గణనీయంగా ఉంటుంది. అందుకే కేరళలో నలిపిన తులసి ఆకును కొబ్బరి చిప్పలో పెట్టి ఎరగా కట్టే పద్ధతి ఉన్నది. లవంగ నూనెలో ప్రధానంగా ఉండే యూజినాల్ దీనికి దగ్గరి చుట్టం. అయితే రెండూ ఒకటి కావు. వంటింటి లవంగ నూనె ఈ ఎరకు బదులు కాజాలదు.

మగ ఈగకు ఈ వాసనపై అంత వ్యామోహం ఎందుకు? అది ఆహారం కోసం కాదు. మగ ఈగ మిథైల్ యూజినాల్‌ను నాకి, శరీరంలో మార్పు చేసుకొని, వెనుక భాగంలోని ఒక గ్రంథిలో దాచుకుంటుంది. సంధ్యవేళ ఆ పరిమళాన్ని విడిచి ఆడ ఈగను ఆకర్షిస్తుంది. ఈ వాసన అబ్బిన మగ ఈగకే జతకూడే అవకాశం ఎక్కువ. జపాను శాస్త్రవేత్త రిత్సువో నిషిదా, మలేషియా శాస్త్రవేత్త టాన్ కెంగ్ హాంగ్ ఈ రహస్యాన్ని ఏళ్ల తరబడి శోధించి వెలికితీశారు. ఆగ్నేయాసియా అడవులలోని కొన్ని బల్బోఫిల్లమ్ ఆర్కిడ్ పూలు మగ ఈగకు మకరందం ఇవ్వవు, ఈ పరిమళాన్నే కానుకగా ఇస్తాయి. ఆ కానుక కోసం వచ్చిన ఈగ పుప్పొడిని మోసుకుపోతుంది. పెళ్లివారి పన్నీరు వంటిది ఈ వాసన. ఎర అనేది ఆ పన్నీటిని ఒక సీసాలో పెట్టి, ద్వారం తెరిచి ఉంచడమే.

ఇక్కడే ఒక ముఖ్యమైన పరిమితి ఉన్నది. ఎరలో పడేవి మగ ఈగలు. కాయకు గుచ్చేవి ఆడ ఈగలు. అలాంటప్పుడు ఎర వల్ల ప్రయోజనం ఏమిటి? మగవి లేకపోతే ఆడవాటికి జత దొరకదు, పెట్టిన గుడ్లు పగలవు. అయితే ఒక్క మగ ఈగ అనేక ఆడ ఈగలతో జతకూడగలదు. అందువల్ల సగం మగ ఈగలను పట్టినంత మాత్రాన సంతానం సగానికి తగ్గదు. ఆ ప్రాంతంలోని మగ ఈగలు దాదాపు అన్నీ పోయినప్పుడే ఫలితం కనిపిస్తుంది. అంతేకాదు, వేరే చోట జతకూడిన ఆడ ఈగ ఎగిరివచ్చి ఈ తోటలో గుడ్లు పెట్టగలదు. ఒక ఇంటివారు ఒక ఎర కట్టి, వారంలో వంద ఈగలు పడ్డాయని సంతోషిస్తారు. అదే పెరట్లో జామకాయ పుచ్చిపోతూనే ఉంటుంది. ఎర మోసం చేసిందనుకుంటారు. ఎర మోసం చేయలేదు. ఆ ఇల్లు ఒంటరిగా నిలబడింది.

అందరూ కలిసి నిలబడితే ఏమవుతుందో పసిఫిక్ మహాసముద్రంలోని దీవులు చూపాయి. 1960ల తొలి సంవత్సరాలలో మేరియానా దీవులలోని రోటాలో మిథైల్ యూజినాల్, కొద్దిపాటి కీటకనాశిని పీల్చుకున్న నారబిళ్లలను విమానం నుండి దీవి అంతటా వెదజల్లారు. అక్కడ ఈ ఈగ వంశమే అంతరించింది. జపాను తన నైరుతి దీవులలో 1968లో ఇదే తరహా కృషి ప్రారంభించి, ఒక్కొక్క దీవిని శుభ్రం చేసుకుంటూ 1986 నాటికి ఈ జాతిని పూర్తిగా నిర్మూలించింది. పద్ధెనిమిదేళ్లు పట్టింది. దీవి చుట్టూ సముద్రం ఉన్నది కనుక బయటి ఈగ తేలికగా రాలేదు. నగరాల చుట్టూ సముద్రం లేదు. కాబట్టి ఇక్కడ నిర్మూలన అనేది ఆశయం కాజాలదు. ఈగల సంఖ్యను పండు దక్కే స్థాయికి దించడమే ఆశయం.

చిత్తూరు, కోలారు, కృష్ణగిరి జిల్లాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న మామిడి సీమ. మూడు జిల్లాలు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. మూడింటిలోనూ తెలుగు వినిపిస్తుంది. ఆంధ్రలో బెంగళూరా అనే కాయను బెంగళూరువారు గిణిమూతి అంటారు, తమిళులు కిళిమూక్కు అంటారు, వ్యాపారులు తోతాపురి అంటారు. పేర్లు నాలుగైనా ఈగకు కాయ ఒక్కటే. శ్రీనివాసపురం తోటలో ఎర కట్టి, పక్క తోటలో రాలిన కాయలను కుళ్లబెట్టితే ఆ ఎర కట్టిన రైతుకు మిగిలేది సగం శ్రమ ఫలమే. రాష్ట్రపు సరిహద్దు ఈగకు తెలియదు, ఇంటి ప్రహరీగోడ అంతకన్నా తెలియదు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతటిదో 2014లో దేశమంతా చూసింది. భారతదేశం నుండి వచ్చిన సరుకులో పండు ఈగ వంటి కీటకాలు కనబడినందువల్ల ఐరోపా సమాఖ్య ఆ ఏడాది మే 1 నుండి మామిడిపండ్ల దిగుమతిని నిషేధించింది. కాకర, పొట్ల, వంకాయ, చేమ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సరిగ్గా పండ్ల కాలం మొదట్లో పడిన దెబ్బ అది. 2015 ఆరంభంలో మామిడిపై నిషేధం తొలగింది. ఎగుమతి పండును 48 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో గంటసేపు ఉంచి లోపలి గుడ్లను, పురుగులను చంపే పద్ధతి అందుకు ఆసరా అయింది. అమెరికాకు పోయే మామిడిని మహారాష్ట్రలోని లాసల్‌గావ్ వంటి కేంద్రాలలో వికిరణ ప్రక్రియకు లోను చేసి పంపడం 2007లో మొదలైంది. విదేశీయుల పళ్లెంలోని పండుకు ఇంత కాపలా ఉన్నది. వీధి చివర బండి మీద పండ్లమ్మే మనిషికి అటువంటి కాపలా ఏదీ లేదు. తెల్లవారుజామున టోకు బజారులో బుట్ట కొంటాడు. పైకి బాగున్న కాయ సాయంత్రానికి మెత్తబడితే ఆ నష్టం అతనిదే. తెలియక అమ్మితే నింద కూడా అతనిదే. పొట్టకూటికి వచ్చి బండి పెట్టుకున్న వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. పండు ఈగ గురించి మాట్లాడడమంటే వారి రోజుకూలి గురించి మాట్లాడడం కూడా.

ఇప్పుడు ఆచరణకు వద్దాం. మామిడి, జామ, సపోటా చెట్లున్న ఇళ్లకు మిథైల్ యూజినాల్ ఎర పనికివస్తుంది. మిద్దె మీద కాకర, బీర, దోస, సొర పాదులు పెంచేవారికి అది పనికిరాదు. తీగజాతి కాయలను పాడుచేసే ఈగ వేరు. దాని ఎర పేరు క్యూ లూర్. విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణంలో ఎర అడిగేటప్పుడు చెట్టు కోసమా, తీగ కోసమా అన్నది స్పష్టంగా చెప్పాలి. ఒకదాని బదులు ఒకటి కట్టి, పనిచేయలేదని వాపోయేవారు తక్కువేమీ కాదు.

సిద్ధంగా దొరికే ఎరబిళ్ల, బుట్ట కొనడం గృహస్థులకు అన్నిటికన్నా క్షేమం. బుట్ట లేకపోతే లీటరు నీళ్ల సీసా చాలు. సీసా పైభాగంలో ఈగ దూరేటంత రంధ్రాలు ఎదురెదురుగా చేయాలి. మూతకు కట్టిన తీగతో ఎరబిళ్ల లోపల మధ్యలో వేలాడాలి. అడుగున రెండంగుళాల మేర సబ్బునీరు పోస్తే లోపలికి వచ్చిన ఈగ మునిగిపోతుంది. సీసాను మనిషి తల ఎత్తులో, కొమ్మ నీడన, వాన నీరు నిండని విధంగా కట్టాలి. వారానికి ఒకసారి పారబోసి, నీరు మార్చాలి. పొట్లంపై రాసిన గడువు తీరగానే బిళ్ల మార్చాలి. మామిడికి కాయ కోతకు నెలన్నర, రెండు నెలల ముందుగానే ఎర కట్టాలి. పండు రంగు తిరిగిన తరువాత కట్టిన ఎర ఆలస్యపు ఎర. తోటలలో ఎకరానికి సుమారు 10 ఎరలు కట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లెక్కన వీధికి కొద్ది ఎరలే చాలు. అవి ఒకే ఇంట్లో గుంపుగా ఉండక, చెట్లున్న ఇళ్లన్నిటికీ పంచుకొని, ఒకే వారంలో కట్టడం ముఖ్యం.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొక్కలో పుట్టిందన్న కారణంగా ఏ పదార్థమూ నిరపాయకరం కాదు. మిథైల్ యూజినాల్ మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో వర్గీకరించింది. సీసాలో వేలాడే బిళ్ల వల్ల భయపడనవసరం లేదు. దానిని ఒట్టి చేతితో పట్టుకోరాదు, పసిపిల్లలకు అందనీయరాదు, గదిలో నిలువ ఉంచరాదు. కొన్ని బిళ్లలలో కీటకనాశిని కూడా కలిపి ఉంటుంది. వాడిన బిళ్లను తడిచెత్తలో గాని పొడిచెత్తలో గాని కలపరాదు. దానిని కాగితంలో చుట్టి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలలో వేరుగా ఇవ్వాలి. చెత్తను వేరుచేయవలసిన బాధ్యతను 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటివారి మీదనే ఉంచాయి.

ఎర కన్నా ముందు చేయవలసిన పని ఒకటున్నది. అది పైసా ఖర్చు లేనిది, అందరూ మరచేది. రాలిన కాయను ఏరివేయడం. చెట్టు కింద పడి ఉన్న ఒక్క జామకాయలో పదుల సంఖ్యలో పురుగులు ఉండవచ్చు. రెండు రోజులు అక్కడే వదిలితే అవి మట్టిలోకి జారుకుంటాయి. పక్షం రోజులకు వీధి మీదికి ఈగలై వస్తాయి. కాబట్టి రాలిన కాయను రోజూ ఏరాలి. పుచ్చు కాయను తెరిచి ఉన్న ఎరువు గుంతలో వేయరాదు, ఖాళీ స్థలంలోకి విసరరాదు. మందమైన సంచిలో వేసి మూతి బిగించి కొన్ని రోజులు ఎండలో ఉంచితే లోపలి పురుగు చస్తుంది. ఆ తరువాత సంచి విప్పి, కాయలను తడిచెత్తలో ఇవ్వవచ్చు. స్థలం ఉన్నవారు లోతుగా గొయ్యి తీసి పూడ్చవచ్చు. ఊరి నుండి వచ్చిన బుట్టలోని చెడిన పండ్లకూ ఇదే పద్ధతి. చేతికి అందే జామకాయలకు, కాకరకాయలకు పిందె దశలోనే కాగితపు సంచి తొడిగితే ఆడ ఈగ సూది లోపలికి చేరదు. ఏరివేత, సంచి తొడుగు, ఎర: ఈ మూడూ కలిసినప్పుడే పండు దక్కుతుంది.

ఒక వీధిని ఊహించవచ్చు. పది ఇళ్లు, నాలుగు జామచెట్లు, రెండు మామిడిచెట్లు. అందులో ఒక చెట్టు తాళం వేసి ఉన్న ఇంటిది. మిగిలిన అందరూ ఎరలు కట్టి, కాయలు ఏరినా, తాళం వేసిన ఇంటి పెరడు ఏడాది పొడవునా ఈగలను కంటూనే ఉంటుంది. ఆ ఇంటి యజమానికి ఒక మాట చెప్పడం, గేటు తాళంచెవి వారానికి ఒకసారి అడిగి తీసుకోవడం ఏ శాస్త్రగ్రంథంలోనూ లేని పని. ఈ పోరులో అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే. పక్కింటివారు కన్నడిగులు కావచ్చు, తమిళులు, ఒడియావారు, మరాఠీవారు కావచ్చు. ఎన్నో ఏళ్లుగా నమస్కారంతో సరిపెట్టుకున్న పరిచయం కావచ్చు. రాలిన జామకాయ గురించి మొదలైన మాట, ఈ సూచనలను వారితో పంచుకోవడానికి ఒక సందర్భం అవుతుంది.

బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా, హోసూరులోనైనా, యానాంలోనైనా ఈగ తీరు ఒక్కటే. దాని బలం ఇళ్ల మధ్యనున్న గోడలలో ఉన్నది. హౌలెట్ పూసాలో ఆ పరిమళాన్ని గుర్తించి వందేళ్లు దాటింది. పదార్థం దొరికింది, పద్ధతి తెలిసింది, సీసా ప్రతి ఇంట్లోనూ ఉన్నది. ఇక కావలసింది ఒకే వారంలో అన్ని ఇళ్లూ కదలడం. వచ్చే మే నెలలో ఆ మనవడు కోసిన పండు ముందు నిలబడి ఏ ప్రశ్నా అడగకుండా తినగలిగితే, ఆ వీధి తన పని తాను చేసిందని అర్థం.